దీవి దాటి దీవికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో అండమాన్ గురించి రాసిన వ్యాసంలో, ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్లే పద్ధతిని నాలుగు మాటల్లో చెప్పి వదిలేశాను. ఆ నాలుగు మాటలు చాలలేదని నా బల్ల మీద పేరుకున్న ఉత్తరాలు చెబుతున్నాయి. నల్లగొండ, పాలమూరు వాళ్లకు సముద్రం దూరపు చుట్టం వంటిది. మనకు తెలిసిన నీటి ప్రయాణమంటే సాగర్ రేవులో ఎక్కి నాగార్జునకొండలో దిగే లాంచీ, లేదంటే సోమశిల దగ్గర కృష్ణను దాటించే పుట్టి. ఆ లాంచీ లెక్కతోనే దీవుల ప్రయాణాన్ని ఊహించుకొని అడిగిన ప్రశ్నలు ఎక్కువగా ఉన్నాయి కనుక ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: మేమిద్దరం, మా వియ్యంకులిద్దరు, మా అక్కయ్య కలిసి ఐదుగురం జనవరిలో ఆరు రోజులకు అండమాన్ వెళ్తున్నాం. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన కాగితం ప్రకారం చివరి రాత్రి హేవ్‌లాక్‌లో ఉండి, మర్నాడు ఉదయం నౌకలో పోర్ట్ బ్లెయిర్ చేరుకొని మధ్యాహ్నం హైదరాబాద్ విమానం ఎక్కాలి. ఇది కుదిరే పనేనా? ప్రభుత్వ నౌక మంచిదా, ప్రైవేటు నౌక మంచిదా? అసలు ఆ దీవులకు విమానమే లేదా? మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. (విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ)

జవాబు: మాస్టారూ, ఆ కాగితంలో మిగతావి ఎలా ఉన్నా చివరి రాత్రిని మాత్రం తప్పకుండా మార్పించండి. తిరుగు ప్రయాణానికి ముందటి రాత్రి విమానాశ్రయం ఉన్న దీవిలోనే పడుకోవాలి. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట మా ఇంటివాళ్లం నలుగురం ఉదయం ఆరున్నరకే హేవ్‌లాక్ జెట్టీకి చేరుకున్నాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. జెట్టీ కింద నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, స్తంభాల చుట్టూ తిరుగుతున్న చారల చేపలను మా చిన్నమ్మాయి లెక్కపెడుతూ కూర్చుంది. ఏడున్నర దాటినా నౌక రాలేదు. ఎనిమిదింటికి ఒక కుర్రవాడు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా టికెట్ల కిటికీ అద్దానికి ఒక కాగితం అంటించి పోయాడు. సముద్రం బాగాలేనందున ఉదయం నౌక రద్దయిందని దాని మీద రాసి ఉంది. మా ఎదుట నీళ్లు ఊరి చెరువులా నిలకడగా ఉన్నాయి; అల లేచింది బయట, దీవి చాటు దాటిన తరువాత. మధ్యాహ్నం ప్రభుత్వ నౌకలో చోటు సంపాదించుకొని మేము పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి మా విమానం శంషాబాద్‌లో దిగి ఉంటుంది. నౌక వాళ్లు తమ టికెట్ డబ్బు తిరిగి ఇచ్చారు కానీ నలుగురి విమానం టికెట్లు నీళ్ల పాలయ్యాయి.

అది నా ఒక్కడి దురదృష్టం అనుకోకండి. 2016 డిసెంబరు మొదటి పక్షంలో తుపాను వాతావరణం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే, నౌకాదళం ఓడలు వెళ్లి వారిని ఒడ్డుకు చేర్చవలసి వచ్చింది. డిసెంబరు అక్కడ మంచి సీజన్ కిందే లెక్క. మీరు వెళ్లే జనవరిలో సముద్రం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది, అయినా ఆ సాధారణాన్ని నమ్ముకొని మధ్యాహ్నం విమానం పెట్టుకోవడం తగదు. దిగిన రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూసి, మర్నాడు హేవ్‌లాక్ వెళ్లి రెండు రాత్రులు ఉండి, అక్కడి నుంచి నీల్‌లో ఒక రాత్రి గడిపి, ఐదో రోజు పోర్ట్ బ్లెయిర్ తిరిగి రండి. పాత రాస్ దీవి, బజారు వంటివి చివరికి మిగుల్చుకోవాలి. నౌక ఒక పూట ఆలస్యమైతే అవి పోతాయి, విమానం మాత్రం పోదు. అదే కాగితంలో తెల్లవారుజామున మూడింటికి లేపి బారాటాంగ్ దీవికి తీసుకుపోతామని కూడా ఉంటే కొట్టేయించండి. జరావా తెగవారి అడవి మధ్యగా వాహనాలను వరుసకట్టించి పంపే ఆ దారి మీ అక్కయ్య వయసుకు శ్రమ, ఆ తెగవారికి మన రాకపోకల వల్ల కలిగే ఇబ్బంది వేరే.

పేర్ల విషయంలో తడబడకండి. హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్, నీల్‌కు షహీద్ ద్వీప్, రాస్‌కు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని 2018 డిసెంబరులో పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. టికెట్ మీద ఏ పేరున్నా ఊరు అదే.

ఇక విమానం సంగతి. హేవ్‌లాక్‌లో గానీ నీల్‌లో గానీ విమానాశ్రయం లేదు. నీటి మీద వాలే చిన్న విమానాన్ని 2010 డిసెంబరు చివర ఆర్భాటంగా ప్రారంభించారు, కొన్నేళ్లకే అది ఆగిపోయింది. పవన్ హన్స్ హెలికాప్టర్లు దీవుల మధ్య తిరుగుతాయి గానీ వాటిలో రోగులకు, స్థానికులకు మొదటి వరుస. అది వాళ్లకు అంబులెన్సు వంటిది కనుక మనం దాని మీద ఆశ పెట్టుకోకూడదు. మీకున్న దారి నౌక ఒక్కటే.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ సుమారు 40 కిలోమీటర్లు, అంటే మీ ఊరి నుంచి మిర్యాలగూడ పోయినంత. ప్రైవేటు నౌక ఆ దూరాన్ని గంటన్నరలో, ప్రభుత్వ నౌక రెండు నుంచి రెండున్నర గంటల్లో దాటుతాయి. ప్రైవేటు నౌకల్లో చాలావరకు రెండు పొట్టలున్న కాటమరాన్ రకానివి. లోపల ఏసీ, వరుస కుర్చీలు, మూసిన కిటికీలు ఉంటాయి, నడుస్తున్నంతసేపూ సాధారణంగా కూర్చునే ఉండాలి. టికెట్ వెయ్యి రూపాయలు దాటుతుంది. ప్రభుత్వ నౌకకు అంతకంటే బాగా తక్కువ, పై అంతస్తులో రెయిలింగ్ పట్టుకొని గాలికి నిలబడవచ్చు, పక్కన కూరగాయల బుట్టతో దీవి మనిషి కూర్చొని ఉంటాడు. నన్నడిగితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ప్రభుత్వ నౌకే అసలైన ప్రయాణం. కానీ సీజన్‌లో దాని టికెట్లు త్వరగా అయిపోతాయి, ఐదుగురికి ఒకేచోట దొరకడం ఇంకా కష్టం. మోకాళ్ల నొప్పులున్న మనిషి మీతో ఉన్నప్పుడు సీటు నంబరు చేతిలో ఉండే ప్రైవేటు నౌకకే ముందుగా టికెట్లు తీసుకోండి. పోయేటప్పుడు అందులో పోయి, నీల్ నుంచి వచ్చేటప్పుడు వీలైతే ప్రభుత్వ నౌకలో రండి.

ఒక చిన్న విషయంలో చాలామంది దెబ్బతింటారు. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ నౌకలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటు నౌకలు ఎక్కువగా హాడో జెట్టీ నుంచి బయలుదేరతాయి. ఆటో అతనికి ఉత్త జెట్టీ అని చెబితే ఏదో ఒకదాని దగ్గర దించుతాడు, తప్పు గేటు ముందు నిలబడి వాదించుకునేలోపు రెండో గేటు మూసేస్తారు. టికెట్ మీద ఉన్న జెట్టీ పేరు చదివి చెప్పండి, గంట ముందే చేరుకోండి, గుర్తింపు కార్డుల అసలు ప్రతులు ఐదుగురివీ ఒకే సంచిలో పెట్టుకోండి. భాష గురించి దిగులు వద్దు. 2011 లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఆటోవాళ్లలో శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. మన నల్లగొండ మాట విని వాళ్లు నవ్వుతారు, వాళ్ల మాట విని మనం నవ్వుతాం, బేరం మాత్రం కుదురుతుంది.

మీ ఇంట్లో ఆవిడ గురించి: నౌకలోకి దించే వంతెన పలక వాలు ఆటుపోట్లను బట్టి మారుతుంది. నీరు పైకి ఉన్నప్పుడు బల్లపరుపుగా ఉండే పలక, నీరు తగ్గినప్పుడు మెట్ల దారిలా దిగుడుగా మారుతుంది. అక్కడ సిబ్బంది చెయ్యి అందిస్తారు, మొహమాటపడకుండా పట్టుకోమని చెప్పండి. పెట్టెలు మాత్రం మీరు మోయవద్దు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ప్రశ్న: దేవరకొండ నుంచి శ్రీశైలం బస్సెక్కితే మన్ననూరు దాటగానే నాకు వాంతులు మొదలవుతాయి. ఘాట్ రోడ్డుకే ఇలా ఉంటే సముద్రంలో నా గతి ఏమిటి? మా వాళ్లంతా అండమాన్‌కు బయలుదేరుతున్నారు, నేను మానుకోవాలా? (గృహిణి, దేవరకొండ)

జవాబు: మానుకోవద్దు తల్లీ. అయితే సిద్ధపడి వెళ్లండి. చెవి లోపల మన శరీరం కదలికను పసిగట్టే భాగం ఒకటి ఉంటుంది. మూసిన గదిలో కూర్చున్నప్పుడు కళ్లు ఏదీ కదలడం లేదని చెబుతుంటే, చెవి మాత్రం పైకీ కిందకీ ఊగుతున్నామని చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోవడం వల్లనే కడుపులో తిప్పుతుంది. ఘాట్ రోడ్డులో డ్రైవరుకు వాంతి రాకపోవడం మీరు గమనించే ఉంటారు. మలుపు వస్తున్నదని అతని కంటికి ముందే తెలుసు, వెనక సీటులో ఫోను చూస్తున్న వాళ్లకు తెలియదు.

కాబట్టి నౌకలో మొదట చేయవలసిన పని ఫోను సంచిలో పడేయడం. సీటు నౌక మధ్య భాగంలో, కింది అంతస్తులో అడగండి. తక్కెడ మధ్య ముల్లు కంటే రెండు కొనలు ఎక్కువ ఊగినట్టే నౌకలో ముందు భాగం ఎక్కువగా ఎగిరిపడుతుంది, అందరూ కిటికీ కోసం, ముందు సీటు కోసం పోటీపడి అక్కడే కూర్చొని అవస్థపడతారు. నీరూ ఆకాశమూ కలిసే గీత కనిపించేలా కూర్చొని దాన్నే చూస్తుండండి. ప్రభుత్వ నౌకలో అయితే పైకి పోయి గాలి తగిలేచోట నిలబడండి. మీ వంటివారికి రెండున్నర గంటల గాలి ప్రయాణం, గంటన్నర మూసిన గది కంటే హాయిగా ఉండవచ్చు.

ఖాళీ కడుపుతో ఎక్కితే వాంతి రాదనుకోవడం పొరపాటు. రెండు ఇడ్లీలో, కొంచెం పెరుగన్నమో తిని ఎక్కాలి; నూనె పూరీలు, టీ వద్దు. మందుల షాపుల్లో దొరికే అవోమిన్ వంటి మాత్రను నౌక కదలడానికి కనీసం ఒక గంట ముందు వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు. మాత్ర మత్తుగా ఉంటుంది కనుక దిగిన వెంటనే స్కూటర్ అద్దెకు తీసుకొని నడపవద్దు. గర్భిణులు, కంట్లో నీటికాసులు ఉన్నవారు, మూత్రం సరిగా రాని వృద్ధులు వైద్యుణ్ని అడగకుండా దీన్ని వేసుకోకూడదు. అల్లం మురబ్బా చప్పరించడం కొందరికి పనిచేస్తుంది, నష్టమైతే లేదు. నిమ్మకాయ వాసన చూడటం మా అమ్మ వైద్యం. అది కడుపును ఏమేరకు ఆపుతుందో గానీ పక్క సీటు నుంచి వచ్చే వాసనను మాత్రం ఆపుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. మేము వేసవిలో వెళ్తే హవాయి తీసుకుపోతానంటున్నాడు. మ్యాప్‌లో ఆ దీవులన్నీ గొలుసులా పక్కపక్కనే ఉన్నాయి. అయినా ఒక్కో దీవికి విమానమే ఎక్కాలట. నాకు ఆ తనిఖీలు అంటే బేజారు. ఓడ దొరకదా? (పాఠకురాలు, మిర్యాలగూడ)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఒక చిన్న మినహాయింపు తప్పిస్తే, హవాయి దీవుల మధ్య ప్రయాణికులను చేరవేసే ఓడలు ఇప్పుడు లేవు. మ్యాప్‌లో వేలెడు కనిపించే సందు చిన్నదేమీ కాదు. హోనొలులూ ఉన్న ఒవాహు దీవికి, పక్కనున్న మొలొకాయికి మధ్య సముద్రం వెడల్పు సుమారు 42 కిలోమీటర్లు. ఈశాన్యం నుంచి ఏడాదిలో ఎక్కువ రోజులు వీచే వ్యాపార పవనాలు, ఎత్తైన అగ్నిపర్వత దీవుల మధ్య సందుల్లో దూరేటప్పుడు మరింత బలం పుంజుకుంటాయి. రెండు గుట్టల నడుమ దారిలో గాలి ఎలా ఈడ్చి కొడుతుందో మీకు తెలిసిందే. కింద పసిఫిక్ మహాసముద్రం, పైన ఆ గాలి. అక్కడి అల సాగర్ అల కాదు.

అలాగని ఎవరూ ప్రయత్నించలేదనుకోవద్దు. 2007లో సూపర్‌ఫెర్రీ పేరుతో కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద కాటమరాన్ నౌకను మొదలుపెట్టారు. కవాయి దీవి జనం కొందరు అలల మీద తేలే పలకల (సర్ఫ్‌బోర్డుల) మీద రేవుకు అడ్డంగా నీళ్లలోకి దిగారు. తిమింగలాలకు తగులుతుందని, ఒక దీవి పురుగూ పుట్రా మరో దీవికి కార్లతో వచ్చేస్తాయని వాళ్ల భయం. పర్యావరణ పరిశీలన లేకుండా నౌకను నడపడానికి వీలు కల్పించిన చట్టం చెల్లదని 2009 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో ఆ నౌక ఆగిపోయింది. మావీ, మొలొకాయిల మధ్య తిరిగిన ఫెర్రీ 2016లో మూతపడింది. మిగిలింది మావీ నుంచి లనాయి అనే చిన్న దీవికి పోయే ఫెర్రీ ఒక్కటే. 2023 ఆగస్టులో లహైనా ఊరు అగ్నికి ఆహుతైన తరువాత అది మాలయా రేవుకు మారింది. సరదాకు ఒక పూట దాంట్లో పోయి రావచ్చు.

విమానం గురించి మీరు అంతగా దిగులు పడనవసరం లేదు. హోనొలులూ నుంచి మావీకి గాలిలో ఉండేది అరగంటకు కాస్త పైన, అంతే. పైకి లేచి నిలకడగా సాగేలోపు మూతకు రేకు కాగితం అంటించిన చిన్న కప్పులో పండ్ల రసం చేతిలో పెడతారు, అది తాగేలోపు దిగుతున్నామంటారు. కిటికీ పక్క సీటు దొరికితే మొలొకాయి ఉత్తర తీరాన సముద్రంలోకి నిలువునా దిగిన కొండ గోడలు కనిపించే అవకాశం ఉంది. అబ్బాయికి ఒక మాట చెప్పండి: రోజుకో దీవి చొప్పున కాకుండా రెండు దీవులే ఎంచుకోమనండి, విమానం ఎక్కి దిగే బేజారు అక్కడికక్కడే సగమవుతుంది. అయినా వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే విహార నౌక హోనొలులూ నుంచి బయలుదేరి ఏడు రోజుల్లో మావీ, హవాయి అనే పెద్ద దీవిలోని హీలో, కోనా, ఆ తరువాత కవాయి చూపించి తిరిగి తెస్తుంది. పడక, తిండి దాంట్లోనే. ఖర్చు మాత్రం ఎక్కువ.

హవాయి నుంచి కాలిఫోర్నియా తిరిగి వచ్చేటప్పుడు వ్యవసాయ శాఖ వాళ్లు పెట్టెలను యంత్రంలో వేసి పండ్లు, మొక్కలు ఉన్నాయేమో చూస్తారు. అనాసపండును రానిస్తారు, మామిడిపండును రానివ్వరు.

ప్రశ్న: మా తమ్ముడికి కొత్తగా పెళ్లయింది. మాల్దీవుల్లో దూరంగా ఉన్న ఒక దీవిలో గది తీసుకున్నాడు. అక్కడికి నీటి విమానంలో పోవాలట. వీళ్ల విమానం మాలే చేరేది సాయంత్రం ఐదింటికి. అంతా సరిగానే ఉందా? (పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: ఒక్క చోట బెడిసింది. నీటి విమానాలు కంటి చూపు మీద ఆధారపడి నీటిపై వాలేవి కనుక పగటి వెలుగులోనే ఎగురుతాయి. సాయంత్రం ఐదింటికి దిగి, పెట్టెలు తీసుకొని బయటకు వచ్చేసరికి ఆ రోజుకు చివరి నీటి విమానం వెళ్లిపోయి ఉంటుంది. గదికి కట్టిన మొదటి రాత్రి డబ్బు దండగ అవుతుంది, మాలే పక్కన ఇంకో గదికి మళ్లీ కట్టాలి. కొత్త జంట మొదటి పోట్లాటకు ఇది చాలు. వీలైతే మధ్యాహ్నం లోపల మాలే చేరే విమానానికి మార్చమనండి, లేదంటే ఆ రాత్రికి వంతెన మీదుగా మాలేలోనో, విమానాశ్రయం పక్కనే ఉన్న హుళుమాలేలోనో చౌక గది చూసుకొని, దూరపు దీవి గదిని మర్నాటి నుంచి తీసుకోమనండి. తిరిగి వచ్చే రోజున కూడా ఇదే లెక్క. హైదరాబాద్ వైపు విమానం తెల్లవారుజామున ఉంటే ముందటి రోజు వెలుతురులోనే దీవి వదలాలి.

ఆ చిన్న విమానంలో పదిహేను మంది దాకా పడతారు. పైలట్లు తరచు చెప్పులు లేని కాళ్లతో ఉంటారు, అది చూసి భయపడవద్దని ముందే చెప్పండి. నీటి తడిలో బూట్ల కంటే వట్టి పాదమే జారకుండా పట్టుకుంటుంది. సామానును తూకం వేసి, పరిమితి దాటితే అదనపు డబ్బు తీసుకుంటారు. పెళ్లి పెట్టె మొత్తం మోసుకుపోవడం తగ్గించుకోమనండి. ఖర్చు ఎక్కువనుకుంటే మాలేకు దగ్గరి దీవులకు స్పీడ్ బోట్లు ఉన్నాయి, చీకటి పడ్డాక కూడా కొన్ని నడుస్తాయి. స్థానికులు వాడే చవక ఫెర్రీలు శుక్రవారం సాధారణంగా ఉండవు, ఆ రోజు దిగేలా పెట్టుకోకపోవడం మంచిది.

ప్రశ్న: లక్షద్వీప్‌లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి మనంతట మనమే తిరగవచ్చునా? (పాఠకుడు, హాలియా)

జవాబు: అండమాన్‌లో తిరిగినట్టు తిరగలేరు. అక్కడికి మన దేశస్థులకు కూడా అనుమతి పత్రం కావాలి, అందులో ఏ దీవుల పేర్లు ఉంటే ఆ దీవులకే పోవాలి. మొత్తం 36 దీవుల్లో జనం నివసించేవి 10, వాటిలో విమానం దిగేది అగత్తి ఒక్కటే. అగత్తి నుంచి మిగతా దీవులకు వేగ నౌకలు ఉన్నా, జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాకాలంలో వాటిని నమ్ముకోలేం. అందుకే కొచ్చి నుంచి బయలుదేరే ఓడ యాత్రను నేను మొదట సూచిస్తాను. రాత్రి ఓడలోనే నిద్ర, పగలు ఒక్కో దీవిలో విహారం. పర్యాటక శాఖ సముద్రం పేరుతో నడిపే యాత్రలో కవరత్తి, కల్పేని, మినికాయ్ చూపిస్తారు, అనుమతి సంగతీ వాళ్లే చూసుకుంటారు. ఏటా అయ్యప్ప మాల వేసుకొని మిర్యాలగూడలోనో నల్లగొండలోనో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే మీ ఊరి స్వాములకు, కొచ్చికి దిగే ఎర్నాకుళం దారి కొత్త కాదు.

అక్కడ ఒక ఘట్టానికి మనసు గట్టి చేసుకోవాలి. పగడపు దిబ్బల మధ్య లోతు తక్కువ కనుక చాలా దీవుల దగ్గర పెద్ద ఓడ ఒడ్డు దాకా రాదు. అది బయటి సముద్రంలో ఆగుతుంది, పక్కకు చిన్న పడవ వస్తుంది, ఓడ పొట్టలో ఉన్న తలుపులోంచి ఆ పడవలోకి అడుగు పెట్టాలి. పడవ మూరెడు పైకి లేచి మళ్లీ మూరెడు కిందకు పోతుంటుంది. అది పైకి వచ్చిన క్షణంలో ఇద్దరు మనుషులు మీ రెక్కలు పట్టుకొని లోపలికి తీసుకుంటారు. మీరు చేయవలసింది వాళ్లు అడుగు వేయమన్నప్పుడు వేయడం, వద్దన్నప్పుడు ఆగడం. నడుము, మోకాలు ఆపరేషన్ అయినవాళ్లు ఈ యాత్ర పెట్టుకోకూడదు.

ప్రశ్న: హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ చేసి అదే రోజు సాయంత్రం విమానం ఎక్కవచ్చా? (విద్యార్థి, గద్వాల)

జవాబు: ఎక్కకూడదు. నీటి లోతున ఒత్తిడి వల్ల రక్తంలో, కండరాల్లో నత్రజని ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక అది నెమ్మదిగా బయటకు పోవాలి. అది పోకముందే విమానంలో తక్కువ ఒత్తిడిలోకి వెళితే, సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు కట్టి కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తేవచ్చు. డైవింగ్‌కూ విమానానికీ మధ్య ఒక పూర్తి రోజు విడవండి. నౌక సముద్ర మట్టంలోనే సాగుతుంది కనుక దానికి ఈ అడ్డు లేదు. డైవింగ్ చేసి నౌకలో పోర్ట్ బ్లెయిర్ వచ్చి పడుకోండి, నల్లగొండ మాస్టారికి రాసిన చివరి రాత్రి మీకూ పనికివస్తుంది.

ప్రశ్న: మాది సోమశిల. పుట్టి మీద పెరిగాం, కృష్ణను అడ్డంగా ఈదినవాళ్లం. నౌకలో, చిన్న పడవల్లో లైఫ్ జాకెట్ తప్పనిసరిగా వేసుకోవాలంటారా? నామోషీగా ఉంటుంది. (యువకుడు, కొల్లాపూర్ మండలం)

జవాబు: పెద్ద నౌకలో అది సీటు కిందనో, పక్క పెట్టెలోనో ఉంటుంది, ఎక్కగానే ఎక్కడుందో చూసుకుంటే చాలు. దీవి నుంచి పగడపు దిబ్బకో, పక్క దీవికో తీసుకుపోయే చిన్న పడవలో మాత్రం ఎక్కకముందే వేసుకోవాలి. మీ ఈతను నేను తక్కువ చేయడం లేదు. కృష్ణలో ఈదేవాడికి రెండు వైపులా ఒడ్డు ఉంటుంది. దీవుల మధ్య ఆటుపోటు మారినప్పుడు నీటి లాగుడు మనిషిని ఒడ్డుకు కాక బయటి సముద్రానికి తీసుకుపోతుంది, ఎంత చేయి తిరిగిన ఈతగాడైనా దానికి ఎదురీది అలసిపోతాడు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ సమీపంలో పర్యాటకుల పడవ ఒకటి మునిగి 20 మందికి పైగా చనిపోయారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పడవ అది.

పుట్టిలో ఎంతమంది పడతారో మీకు ఒక్క చూపులో తెలుస్తుంది, ఆ చూపును అక్కడ కూడా వాడండి. పడవ పక్కన రాసిన సంఖ్య చూడండి, ఎక్కిన తలలు లెక్కపెట్టండి, ఎక్కువైతే దిగి తరువాతి పడవ కోసం ఆగండి. జాకెట్ వేసుకున్నాక బొత్తాలు పెట్టి ఊరుకోకుండా తొడల కిందుగా వచ్చే పట్టీ ఉంటే దాన్ని కూడా బిగించండి. అది వదులుగా ఉంటే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ మెడ మీదుగా పైకి ఊడి వస్తుంది. ఎదుటివాడి చేత భుజాల దగ్గర పట్టి పైకి లాగించి చూసుకుంటే సరిగా బిగిసిందో లేదో తెలుస్తుంది.